విప్పని శాలువా డబ్బా

తిరువూరు బస్టాండు నుంచి నాలుగు అడుగులు వేస్తే పెద్దాయన కాంప్లెక్సు వస్తుంది. అందులో మూడో గది అంకారావుది. అంకారావుది అనడం ఊరికి అలవాటు గానీ, కాగితాల మీద ఆ గది పెద్దాయన బావమరిదిది. అంకారావుది బోర్డు ఒక్కటే. ఆ బోర్డు మీద వస్త్రాలయం అని ఉంటుంది. చీరలూ పంచెలూ అందులోంచి బయటికి వెళ్ళి ఏడెనిమిదేళ్ళయింది. ఇప్పుడు అక్కడ దొరికేది ఒకటే సరుకు, శాలువా.

ఈ పెద్దాయన ఎవరు, ఏ పార్టీ, ఏ పదవి అని మీరు అడగబోతున్నారు. అడగకండి. ఆయన రెండు పార్టీలు మారాడు, మూడు పదవులు చూశాడు. శాలువా కప్పించుకునే భుజాలు మాత్రం అవే.

మన వైపు ఏ వ్యాపారస్తుడూ వట్టి చేతులతో నాయకుడి గడప తొక్కడు. మామిడి తోటలు గుత్తకు పట్టేవాడు గానీ, ఎరువుల కొట్టువాడు గానీ, గుట్టలు తవ్వి గ్రావెలు తోలేవాడు గానీ, పని పడిందంటే ముందు అంకారావు కొట్టుకు రావలసిందే. అందుకని ఊళ్ళో ఏం జరగబోతోందో పేపరు వాళ్ళకన్నా ముందే అంకారావుకు తెలిసిపోయేది. నూలు శాలువా అడిగారంటే మర్యాదకు వెళ్తున్నారు. జరీ అంచు అడిగారంటే ఏదో సంతకం కావాలి. బేరం ఆడకుండా ఖరీదైనది పట్టుకుపోయారంటే చుట్టుపక్కల ఏదో ఒక గుట్టకు రోజులు దగ్గర పడ్డాయన్న మాట. ఇన్ని తెలిసీ అంకారావు ఏనాడూ నోరు విప్పలేదు. స్వతహాగా అతను అంత మెత్తన. ఆటోవాడు చిల్లర ఇవ్వనంటే, వాడికే ఓ నమస్కారం పెట్టి దిగిపోయే రకం.

అలాంటివాడు అంత పెద్ద వ్యాపారంలోకి ఎలా వచ్చాడంటే, తనంతట తాను రాలేదు. చీరల కొనుగోళ్ళన్నీ విజయవాడ షాపులకూ సెల్‌ఫోన్లకూ తరలిపోయి, కొట్టు మూసేద్దామా అని భార్య మాణిక్యమ్మతో కూర్చుని ఆలోచిస్తున్న రోజుల్లో పెద్దాయన మనిషి మణికంఠ ఒక గోనెసంచి మోసుకొచ్చాడు. పెద్దాయన దగ్గర ఫోన్లు ఎత్తడం, కారు తలుపు తీయడం, ఎవరు వస్తే ఎంతసేపు కూర్చోబెట్టాలో తేల్చడం మణికంఠ ఉద్యోగం. సంచి విప్పితే అన్నీ శాలువాలే.

"బాబాయ్, ఇంట్లో పెట్టుకోడానికి చోటు లేదు. అమ్మగారు తిడుతున్నారు. సగం ధరకి తీసుకో" అన్నాడు.

అంకారావు తీసుకున్నాడు. మర్నాడే అవి అమ్ముడుపోయాయి. వారం తిరిగేసరికి అవే శాలువాలు అదే గోనెసంచిలో మళ్ళీ వచ్చాయి. అంకారావు మళ్ళీ తీసుకున్నాడు. అలా ఏళ్ళు గడిచాయి. కొత్త సరుకు కోసం సూరత్ వైపు చూడాల్సిన పని పెద్దగా పడలేదు. ఒక ఆకుపచ్చ శాలువా అయితే పెద్దాయన భుజం మీదికి తొమ్మిదిసార్లు వెళ్ళొచ్చింది. తొమ్మిదోసారి దాని మీద పెద్దాయన సెంటు వాసన ఇంకా పోలేదు. కొన్న మిల్లు యజమాని దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "కంపెనీ వాసనే వేరు" అని మెచ్చుకున్నాడు కూడా.

ఈ తిరుగుడులో ఒక పద్ధతి ఉంది, అది తెలుసుకోవాలి. భుజాన కప్పినవి మడత పెట్టి తిరిగొస్తాయి. డబ్బాతో చేతికి ఇచ్చినవి డబ్బాతోనే తిరిగొస్తాయి. ఇచ్చేవాడు ఫొటో దిగేదాకా డబ్బా పట్టుకుంటాడు, పుచ్చుకునేవాడు ఫ్లాష్ వెలిగేదాకా పట్టుకుంటాడు, ఆ తర్వాత అది మణికంఠ చేతికి పోతుంది. దాన్ని విప్పి చూసే తీరికా, అవసరమూ ఎవరికీ లేవు. లోపల ఏముంటుంది, శాలువానే కదా అని అందరి ధీమా. ఇంత పెద్ద రాజకీయం ఆ ధీమా మీద నడుస్తోందని అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆగస్టులో పెద్దాయన పుట్టినరోజు వచ్చింది. గ్రావెలు కాంట్రాక్టరు వెంకటప్పయ్య కొట్టులోకి వచ్చి వంకాయ రంగు శాలువా, మామిడి పిందెల అంచుది, డబ్బాతో తీసుకున్నాడు. బేరం ఆడలేదు. పైగా, "ఇటివ్వండి, నేనే కట్టుకుంటా" అని డబ్బా పక్కకు పట్టుకుపోయి, అటు తిరిగి ఏదో సర్ది, నాలుగు వైపులా టేపు వేశాడు. అంకారావు ఎప్పటిలాగే గోడవైపు చూస్తూ కూర్చున్నాడు.

సర్దింది ఒక కవరు. కవర్లో స్టాంపు కాగితం. వినగడప దగ్గర తను తవ్వబోయే గుట్టలో నాలుగణాల వాటా ఫలానా వారికి ఇస్తున్నానని వెంకటప్పయ్య సంతకం చేసిన ఒప్పందం అది. ఫలానా వారు అన్నచోట ఖాళీ వదిలాడు. బావమరిది పేరు రాసుకుంటారో, వేలువిడిచిన మేనత్త పేరు రాసుకుంటారో, అది పెద్దాయన ఇష్టం.

పుట్టినరోజు వేదిక మీద వెంకటప్పయ్య డబ్బా చేతికిస్తూ, నలుగురూ వినకుండా, "లోపల చూడండి సార్. మీకు నచ్చుతుంది" అన్నాడు.

"నీ మనసు నాకు తెలీదేంటయ్యా" అని పెద్దాయన నవ్వాడు. ఫ్లాష్ వెలిగింది. డబ్బా మణికంఠ చేతికి పోయింది. మూడోనాటికల్లా అంకారావు కొట్టుకు వచ్చేసింది.

ఇక అక్కడి నుంచి నాలుగు నెలల పాటు తిరువూరు పరిసరాల ఆర్థిక వ్యవహారం ఎలా నడిచిందో వినండి. వెంకటప్పయ్య తను ఇవ్వాల్సింది ఇచ్చేశానని గుట్ట అనుమతి కోసం ఎదురు చూశాడు. పెద్దాయన, వీడు శాలువా ముక్కతో సరిపెట్టాడని కడుపు మండి, ఫైలు కదలనివ్వలేదు. ఎదురు పడ్డప్పుడల్లా ఇద్దరూ ఒకరి భుజం ఒకరు తట్టుకుని, అర్థవంతంగా నవ్వుకుని వెళ్ళిపోయేవాళ్ళు. గుట్ట తవ్వకపోతే గ్రావెలు లేదు, గ్రావెలు లేకపోతే వినగడప రోడ్డు లేదు. సగం తవ్వి వదిలేసిన రోడ్డు మీద రెడ్డిగూడెం మామిడి తోటలకు వెళ్ళే వ్యాన్ల కమాను కట్టలు విరిగాయి. ఆ నాలుగు నెలల్లో బాగుపడ్డది ఒక్క మెకానిక్కు. రాత్రనక పగలనక పనిచేసి మేడ మీద మేడ వేశాడు. అతను ఏ నాయకుడికీ ఒక్క శాలువా కప్పిన పాపాన పోలేదు.

డిసెంబరు మొదటి వారంలో ఒకరోజు పెద్దాయన నవ్వు అయిపోయింది. "ఏమయ్యా వెంకటప్పయ్యా, ఇన్నేళ్ళ పరిచయంలో నువ్వు నాకిచ్చింది ఏంటి, ఓ దుప్పటి ముక్క!" అనేశాడు.

వెంకటప్పయ్య ఒక అడుగు ముందుకేశాడు. "అదేంటి సార్, డబ్బాలో కాగితం పెట్టాను కదా!"

"ఏ డబ్బా?"

ఇద్దరూ కలిసి మణికంఠ వైపు చూశారు. మణికంఠ పైప్రాణాలు పైనే పోయాయి. స్కూటరు ఎగిరెగిరి పడుతుంటే అంకారావు కొట్టు ముందుకొచ్చి ఆగాడు.

"బాబాయ్, వంకాయ రంగు డబ్బా ఎక్కడుంది?"

"అమ్మేశాను బాబూ."

"ఎవరికి? అందులో కాగితం ఉందంట. శుక్రవారం లోపల అది నా చేతిలో ఉండాలి. లేకపోతే గది ఖాళీ చేసి తాళం ఇచ్చెయ్యి. ఇది నా మాట కాదు, సార్ మాట."

అది సోమవారం. ఈ వయసులో, ఈ ఊళ్ళో, ఆ గది పోతే ఇంకో గది అద్దెకిచ్చేవాడు లేడు. పెద్దాయన వెళ్ళగొట్టినవాణ్ణి ఎవరు చేరదీస్తారు? మాణిక్యమ్మ అన్నం పెట్టుకొచ్చి, "ముందు తినండి, తర్వాత ఏడుద్దురు గాని" అంది. అతను తినకుండా కళ్ళు మూసుకుని, ఏ డబ్బా ఎవరి చేతికి పోయిందో గుర్తు చేసుకుంటూ కూర్చున్నాడు. లెక్కల్లో ఎంత మందకొడి అయినా, శాలువాల విషయంలో అతని జ్ఞాపకం గట్టిది.

వంకాయ రంగు డబ్బాను సెప్టెంబరులో ఎరువుల కొట్టాయన కొన్నాడు. కొని, గోడౌను ప్రారంభానికి వచ్చిన పెద్దాయన చేతికే ఇచ్చాడు. అంటే వాటా అందలేదని నాలుగు నెలలుగా పళ్ళు నూరుతున్న మనిషి చేతుల్లోకి అది రెండోసారి కూడా వెళ్ళి, ఫొటో దిగి, వెనక్కి వచ్చింది. ఆ సంగతి తట్టగానే అంత బెంగలోనూ అంకారావుకు నవ్వొచ్చింది. మాణిక్యమ్మ భయపడి నుదురు పట్టుకు చూసింది.

అక్టోబరు ఆఖరున పెనుగొలను బడి పంతుళ్ళు వచ్చారు. రాయప్ప మాస్టారు రిటైరవుతున్నారు, మంచి శాలువా కావాలన్నారు. టేపు కూడా తీయని డబ్బా అని అంకారావు దాన్నే ఇచ్చాడు.

బుధవారం పొద్దున్నే స్కూటరు మీద పెనుగొలను బయల్దేరాడు. మంచు కురుస్తోంది. మాస్టారిల్లు చర్చి వెనక సందులో ఉంది. వరండాలో కుర్చీ వేసుకుని రాయప్ప మాస్టారు పేపరు చదువుతున్నారు. ఒంటి నిండా వంకాయ రంగు శాలువా కప్పుకుని ఉన్నారు. అంకారావు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో, తను అమ్మిన శాలువాను చలికి కప్పుకున్న మనిషిని చూడటం అతనికి అదే మొదలు.

"రావయ్యా అంకారావూ, రా. నేనే నీ దగ్గరికొద్దామనుకుంటున్నా. హన్నా, టీ పెట్టు" అన్నారు మాస్టారు.

"మాస్టారండీ, ఆ డబ్బాలో..." అని అంకారావు నీళ్ళు నమిలాడు.

"కాగితం! నీక్కూడా తెలుసా?" మాస్టారి ముఖం వెలిగిపోయింది. "చూశావా అంకారావూ, వెంకటప్పయ్య ఎంత పనిచేశాడో! పదో తరగతి మూడుసార్లు తప్పాడయ్యా నా దగ్గర. నేను కొట్టిన దెబ్బలకు వాడు నన్ను జన్మలో క్షమించడనుకున్నా. అలాంటిది, ఎవరికీ తెలీకుండా శాలువా డబ్బాలో పెట్టి, నాలుగణాల వాటా రాసి పంపాడు. పేరు కూడా నన్నే రాసుకోమని ఖాళీ వదిలాడు. అదీ సంస్కారం!"

అంకారావు పక్క కుర్చీలో కూర్చున్నాడు. "రాశారాండీ?"

"రాయకుండా ఉంటే వాడు బాధపడడూ?"

మాస్టారి భార్య హన్నమ్మ టీ గ్లాసులు పట్టుకొచ్చి నవ్వుతూ చెప్పింది. "ఆ రోజు రాత్రి ఈయన ఏడ్చారండి. ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్తే ఒక్కడైనా గుర్తు పెట్టుకున్నాడని."

మాస్టారు లోపలికి వెళ్ళి కవరు తెచ్చి అంకారావు చేతిలో పెట్టారు. కాగితం మీద, ఖాళీ ఉండాల్సిన చోట, నల్లబల్ల మీద రాసినంత గుండ్రంగా, పూర్తి ఇంటిపేరుతో సహా మాస్టారి పేరు ఉంది. కింద వెంకటప్పయ్య సంతకం. ఒక సాక్షి సంతకం. రెండో సాక్షి గీత ఖాళీగా ఉంది.

"అదొక్కటే లోటు. రెండో సాక్షి ఉంటే గట్టిగా ఉంటుందని మా తోడల్లుడు యోసేపు చెప్పాడు, వాడు కోర్టులో గుమాస్తాగా చేశాడులే. ఆ డబ్బా అమ్మింది నువ్వే కదా, నీకన్నా సాక్షి ఎవరు? ఉండు, పెన్ను తెస్తా." మాస్టారు మళ్ళీ లోపలికి వెళ్ళారు. హన్నమ్మ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి పోయింది.

వరండాలో అంకారావు ఒక్కడే మిగిలాడు. కాగితం చేతిలో ఉంది. స్కూటరు గుమ్మం ముందే ఉంది. కొట్టు తాళంచెవి జేబులో గుచ్చుకుంటోంది. లేచి వెళ్ళిపోతే మాస్టారు వెంటపడి పట్టుకోలేరు, ఆయనకు మోకాళ్ళ నొప్పులు. శుక్రవారం లోపల అన్నాడు మణికంఠ, బుధవారమే ఇచ్చెయ్యొచ్చు. అంకారావు నిజంగానే లేచాడు. రెండు మెట్లు దిగాడు కూడా. ఎందుకు దాచాలి, అతను దేవుడేం కాదు.

లోపల్నుంచి మాస్టారి గొంతు వినిపించింది. "హన్నా, ఎర్ర పెన్ను కాదే, నీలం పెన్ను! సంతకానికి ఎర్ర పెన్ను పనికిరాదు. వెంకటప్పయ్య చూస్తే మళ్ళీ తప్పాననుకుంటాడు!" ఆ మాట అని ఆయనే పకపకా నవ్వుకున్నారు.

అంకారావు మెట్ల మీదే నిలబడిపోయాడు. అతనికి సిగ్గేసింది. ఊళ్ళో వాళ్ళందరూ ఒకళ్ళ భుజం మీది గుడ్డ ఒకళ్ళ భుజం మీదికి మారుస్తూ ఉంటే, ఇన్నేళ్ళకు ఒక మనిషి దాన్ని నిజమనుకుని కప్పుకున్నాడు. ఆ మనిషి దగ్గర్నుంచి లాక్కుపోవడం తన వల్ల కాదు. మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

మాస్టారు నీలం పెన్ను ఇచ్చారు. అంకారావు సంతకం చేశాడు. పోయింది గది, అనుకున్నాడు.

"నా భాగస్వామికి రేపే ఉత్తరం రాస్తున్నా. టిప్పర్లు బడి గంటల్లో బడి ముందు నుంచి పోకూడదు. మట్టి మీద పట్టా కప్పి తోలాలి. గుట్ట మొత్తం తవ్వకూడదు. వాటా ఉన్నవాణ్ణి కదా, ఆ మాత్రం అడగొచ్చా?" అన్నారు మాస్టారు.

"అడగండి మాస్టారూ. గట్టిగా అడగండి" అన్నాడు అంకారావు. తన నోట్లోంచి అంత గట్టి మాట వచ్చినందుకు అతనే ఉలిక్కిపడ్డాడు.

వెంకటప్పయ్యకు ఆ ఉత్తరం చేరేసరికి ఊరంతా చేరిపోయింది. పిల్లలు పటం కట్టిస్తారని మాస్టారు ఒప్పందం జిరాక్సు తీయించి బడిలో ఇచ్చారు మరి. వెంకటప్పయ్య ఉత్తరం పట్టుకుని పెద్దాయన దగ్గరికి పరుగెత్తాడు. ఇద్దరూ తలుపేసుకుని తల పట్టుకున్నారు. అది మాస్టారికి రాసింది కాదని చెప్పాలంటే, మరి ఎవరికి రాసిందో చెప్పాలి. అది చెప్పేవాడు ఆ గదిలో లేడు. చివరికి వెంకటప్పయ్య సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ కట్టించి, గురువుకు దక్షిణ ఇచ్చుకున్న శిష్యుడిగా దండ వేయించుకున్నాడు. పంచాయతీ ఎన్నికలు నెత్తి మీదున్నాయి కాబట్టి పెద్దాయన ఫైలు కదిపాడు. టిప్పర్లు కదిలాయి, బడి గంటలు తప్పించి, పట్టాలు కప్పుకుని. మాస్టారు ప్రతి సోమవారం గొడుగేసుకుని గుట్ట దగ్గరికి వెళ్ళి, ఎంత తవ్వారో టేపుతో కొలిచి వచ్చేవారు. వెంకటప్పయ్య మళ్ళీ పదో తరగతిలో కూర్చున్నట్టు చేతులు కట్టుకుని నిలబడేవాడు.

అంకారావును మాత్రం ఆ శుక్రవారమే ఖాళీ చేయించారు. సామాను ఆటోలో ఇంటికి చేర్చుకుని, తాళంచెవి మణికంఠ చేతిలో పెట్టి వచ్చాడు. నెల రోజులు వరండాలో కూర్చున్నాడు. "సంతకం పెట్టేముందు నన్నొక మాట అడగొచ్చుగా" అని మాణిక్యమ్మ రోజుకోసారి అనేది. "అడిగితే పెట్టొద్దనేదానివి" అనేవాడతను. "పెట్టమనేదాన్ని. అడగలేదని కోపం" అని ఆవిడ పప్పులో కరివేపాకు వేసేది.

నెలా పది రోజులకు ఒక మధ్యాహ్నం మణికంఠ వాళ్ళింటి ముందు స్కూటరు ఆపాడు. ఒక చేతిలో తాళంచెవి. వెనక ఆటోలో ఆరు గోనెసంచులు.

"బాబాయ్, గది తీసుకో. దణ్ణం పెడతా. కొనేవాడు లేక ఇంట్లో రెండు గదులు శాలువాలతో నిండిపోయాయి. బీరువా తలుపు తెరుచుకోవట్లేదు. నిన్న అమ్మగారు సార్‌ని హాల్లో పడుకోమన్నారు."

అంకారావు తాళంచెవి వైపు చూశాడు, తీసుకోలేదు. "తీసుకుంటా బాబూ. ఒక్క షరతు. ఇకనుంచి డబ్బాలు విప్పి చూసి గానీ కొనను. ఇప్పుడే, ఇక్కడే, నువ్వే విప్పు."

మణికంఠ అటూ ఇటూ చూశాడు. గత్యంతరం లేదు. వరండా మెట్ల మీద కూర్చుని ఒక్కో డబ్బాకు టేపు పీకడం మొదలుపెట్టాడు. పక్కింటివాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఆటోవాడు కిందికి దిగి సాయం పట్టాడు. సాయంత్రానికి నూటపదకొండు డబ్బాలు విప్పారు. ఏడింట్లో కవర్లు దొరికాయి. మణికంఠ కవరు మీది పేరు చదివినప్పుడల్లా, "అయ్యో, ఈయన ఇచ్చాడా!" అని నెత్తి కొట్టుకున్నాడు. ఆ పేర్లన్నీ, ఏమీ ఇవ్వని పిసినిగొట్లని పెద్దాయన తిట్టి పనులు ఆపేసినవాళ్ళవే. ఒకరిది మార్కెట్టు షెడ్డు, ఒకరిది వీధి దీపాలు, ఒకరిది మంచినీళ్ళ ట్యాంకు.

ఏడో కవరు మీద కాలువ కాంట్రాక్టరు పేరుంది. అంకారావు ఇంటి ముందు రెండేళ్ళుగా మురుగు నిలబడి, దోమలు పెరిగి, మొన్న వానాకాలంలో మాణిక్యమ్మకు డెంగీ జ్వరమొచ్చి పన్నెండు రోజులు ఆసుపత్రిలో పడుకున్నది ఆ కాలువ కట్టకపోవడం వల్లనే. డబ్బా కొట్టుకు వచ్చిన ప్రతిసారీ అడుగున తను పెన్సిలుతో పెట్టుకునే గుర్తులు అంకారావుకు కనిపించాయి. నాలుగు ఉన్నాయి. ఆ కవరును నాలుగుసార్లు కొన్నదీ, నాలుగుసార్లు అమ్మిందీ తనే.

అతను మాణిక్యమ్మ వైపు చూడలేకపోయాడు. ఆవిడకు అర్థమైపోయింది. గబగబా వచ్చి మణికంఠ చేతిలోంచి తాళంచెవి తీసుకుని కొంగున కట్టుకుంది. "రేపట్నుంచి కొట్లో నేను కూర్చుంటా. చీరలు తెప్పిస్తా" అంది. అంకారావు సరేనని తలూపి, విప్పిన డబ్బాలన్నీ మళ్ళీ అదే ఆటోలోకి ఎక్కించి, వచ్చిన చోటికే పంపేశాడు.